ప్రాగ్‌కా, వియన్నాకా? నాలుగు రోజులే ఉంటే ఏది మేలు?

జర్మనీలో ఉంటున్న మనవాళ్లు ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు పాత నగరం ఏదైనా చూపించాలనుకుంటే, ఎక్కువగా చెక్ దేశ రాజధాని ప్రాగ్, ఆస్ట్రియా రాజధాని వియన్నా, ఈ రెండిటి దగ్గరే ఆగి ఆలోచిస్తారు. రెండూ ఒకప్పుడు హాబ్స్‌బర్గ్ అనే ఒకే రాజవంశం ఏలుబడిలోవే. మధ్యలో రైలు ప్రయాణం నాలుగు గంటలు. కానీ చూసే పద్ధతి మాత్రం పూర్తిగా వేరు. ప్రాగ్‌ని వీధుల్లో నడుస్తూ చూడాలి. వియన్నాలో గొప్పవన్నీ గుమ్మం దాటి లోపలికి వెళితేనే కనిపిస్తాయి. కాబట్టి హోటల్ రేట్ల కన్నా ముందు చూసుకోవాల్సినవి మీ మోకాళ్లు, ఆ నెల వాతావరణం.

రెండో ప్రపంచ యుద్ధంలో ప్రాగ్ పెద్దగా దెబ్బతినలేదు. అందుకే ఆరేడు వందల ఏళ్ల కట్టడాలు ఒకదాన్ని ఆనుకుని ఒకటి ఇంకా నిలబడి ఉన్నాయి. పాత టౌన్ హాల్ గోడ మీది ఖగోళ గడియారం 1410 నాటిది. గంట కొట్టే వేళకి కింద జనం ఫోన్లు పైకెత్తి నిలబడతారు. పక్కనున్న అస్థిపంజరం బొమ్మ తాడు లాగుతుంది, పైన రెండు కిటికీలు తెరుచుకుని ఏసు శిష్యులు వరసగా తిరుగుతారు, చివర్లో బంగారు కోడిపుంజు కూస్తుంది. అంతా నిమిషంలోపే అయిపోతుంది, జనం వెళ్లిపోతారు. మీరు మాత్రం వెళ్లకండి, అసలు చూడాల్సింది ఆ గడియారం పలకనే. సూర్యుడు, చంద్రుడు ఏ రాశిలో ఉన్నారో అది చూపిస్తుంది. పంచాంగం చూడటం అలవాటున్న నాన్నగారిని అక్కడ నిలబెడితే అరగంట కదలరు. కాకపోతే వాళ్లది సాయన లెక్క, అంటే మనలా నక్షత్రాలని బట్టి కాక, పగలూ రాత్రీ సమానమయ్యే రోజు నుంచి రాశులు లెక్కపెట్టే పద్ధతి. మనకి ఏప్రిల్ మధ్యలో వచ్చే మేష ప్రవేశం అక్కడ మార్చి 21 ప్రాంతంలోనే అయిపోతుంది.

ప్రాగ్‌లో నది మీదున్న చార్లెస్ వంతెన కట్టడం 1357లో మొదలైంది. అంతకుముందున్న వంతెన 1342 వరదలో కొట్టుకుపోయింది. రెండు వైపులా కలిపి 30 శిల్పాలుంటాయి. ఉదయం పది దాటితే తిరునాళ్ల రద్దీయే, ఏ శిల్పం ముందూ నిలబడనివ్వరు. తెల్లవారుజామున వెళితే నది, కోట, శిల్పాలు తీరిగ్గా చూసుకోవచ్చు. ఆ పొద్దున కావాలంటే ఊళ్లో రాత్రి పడుకోవాలి. చాలా టూర్ ప్యాకేజీలు ప్రాగ్‌కి ఒక్క పూట ఇచ్చి సరిపెట్టేస్తాయి. అది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. అంతదూరం వెళ్లినవాళ్లు మధ్యాహ్నపు గుంపుని చూసి అదే ప్రాగ్ అనుకుని తిరిగొచ్చేస్తారు.

ఇబ్బందులూ ఉన్నాయి. వీధులన్నీ రాళ్లు పరిచినవి. చక్రాల సూట్‌కేసుకీ, నొప్పులున్న కాళ్లకీ నరకమే. కొండ మీది కోటకి మెట్లెక్కలేనివాళ్లు 22వ నంబర్ ట్రామ్‌లో పైదాకా వెళ్లొచ్చు. కోటలోని సెయింట్ వైటస్ చర్చి పని 1344లో మొదలై 1929లో గానీ పూర్తి కాలేదు. దిగేటప్పుడు కోట కిందున్న మాలా స్ట్రానా అనే పాత పేటలో బాలయేసు గుడి తగులుతుంది. మన క్యాథలిక్ కుటుంబాలు పూజించే బాలయేసు మూల విగ్రహం అక్కడే ఉంది. డబ్బు విషయంలో జాగ్రత్త, అక్కడ యూరో కాదు, కొరునా. పాత ఊళ్లో వీధి కౌంటర్ల దగ్గర మార్చకుండా కార్డు వాడటమే మేలు.

వియన్నాలో పెద్దవాళ్లకి సుఖం. 1857లో ఫ్రాంజ్ జోసెఫ్ చక్రవర్తి ఊరి చుట్టూ ఉన్న కోటగోడ కూల్చమని ఆజ్ఞ ఇచ్చాడు, ఆ జాగాలో వెడల్పాటి రింగ్ రోడ్డు వచ్చింది. ట్రామ్‌లో కూర్చునే ఒపేరా, పార్లమెంటు, మ్యూజియంలు చూడొచ్చు. షోన్‌బ్రున్ ప్యాలెస్‌లో 1,441 గదులున్నాయి, మనల్ని వెళ్లనిచ్చేది 40 గదుల్లోకే. అంతకన్నా దాని తోటే నాకిష్టం, టికెట్ కూడా లేదు.

వియన్నాకి ఒక్క కారణం చెప్పమంటే కళా చరిత్ర మ్యూజియం అంటాను. పదహారో శతాబ్దపు చిత్రకారుడు బ్రూగెల్ చిత్రాలు ప్రపంచంలో ఎక్కడా లేనన్ని అక్కడున్నాయి. 1565 నాటి మంచు వేటగాళ్ల బొమ్మ ముందు తీరిగ్గా నిలబడండి. అలసిన మనుషులు, తలలు వేలాడేసిన కుక్కలు, దూరంగా కింద గడ్డకట్టిన చెరువు మీద చీమలంత మనుషుల ఆటలు. బయట వానైనా చలైనా పట్టదు.

ఖర్చు చూస్తే హోటలూ భోజనమూ ప్రాగ్‌లోనే కాస్త తక్కువ. శాకాహారులకి రెండు చోట్లా ఇండియన్ హోటళ్లున్నాయి. కానీ గుడ్డు కూడా తిననివాళ్లు కేకులూ, పిండివంటల విషయంలో అడిగి తీసుకోవాలి. వియన్నాలో కుళాయి నీళ్లు ఆల్ప్స్ కొండల ఊటల నుంచి వస్తాయి, బాటిల్ కొనక్కర్లేదు. ఆదివారం మాత్రం దుకాణాలు దాదాపు మూతే.

నా మాట ఇదీ. ఏప్రిల్, మే, సెప్టెంబరు నెలల్లో వెళ్తూ రోజంతా నడవగలిగితే ప్రాగ్. నాలుగు రాత్రులూ అక్కడే ఉండండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అయినా, డెబ్భై దాటినవాళ్లు వెంట ఉన్నా వియన్నా. రెండూ కావాలంటే ఆరు రోజులైనా పెట్టుకోండి, నాలుగింటిని ముక్కలు చెయ్యకండి. ఇండియా నుంచి వెళ్లేవాళ్లకి చాలా యూరప్ దేశాలకి ఉమ్మడిగా ఇచ్చే షెంగెన్ వీసా ఒక్కటే రెండిటికీ సరిపోతుంది. ఎక్కడ ఎక్కువ రాత్రులుంటారో ఆ దేశానికి అప్లై చెయ్యాలి కాబట్టి, ఈ లెక్క తేల్చుకున్నాకే ఫారం నింపండి.