ఒకే సాఫ్ట్‌వేరా, శాఖల మధ్య డేటా మార్పిడా?

ప్రభుత్వ శాఖలు కలిసి పనిచేయాలంటే ప్రధానంగా రెండు దారులు: అందరికీ ఒకే కేంద్ర సాఫ్ట్‌వేర్, లేదా ఎవరి వ్యవస్థ వాళ్లకే ఉంచి మధ్యలో డేటా మార్పిడి.

ఖర్చు: కేంద్ర వ్యవస్థకు మొదట్లోనే భారీగా పెట్టాలి. మార్పిడికి విడతలవారీగా పెట్టొచ్చు, కానీ నిర్వహణ తెగదు.

శ్రమ: మొదటిదానిలో పాత రికార్డుల తరలింపే టెన్షన్. రెండోదానిలో అసలు తలనొప్పి శాఖల మధ్య ఒప్పందం. ఒకరు ఇంటిపేరు ముందు రాస్తారు, ఇంకొకరు చివర; ఒకరు పుట్టిన తేదీ అడుగుతారు, మరొకరు వయసుతో సరిపెడతారు. ఇద్దరూ చెప్పేది ఒకే మనిషి గురించని కంప్యూటర్‌కెలా తెలుస్తుంది?

రిస్క్: కేంద్ర సర్వర్ పడిపోతే అందరి పనీ ఆగుతుంది. మార్పిడిలో ఆ ముప్పు తక్కువ: ఎస్టోనియా 2001లో మొదలుపెట్టిన ఎక్స్-రోడ్ అనే డేటా మార్పిడి వ్యవస్థలో డేటా ఆయా సంస్థల దగ్గరే ఉంటుంది.

ఒకే తరహా పని చేసే కొత్త కార్యాలయాలకు మొదటిది చాలు. వేర్వేరు చట్టాల కింద నడిచే పాత శాఖలకు రెండోదే నయం.