పచ్చ చుక్కను నమ్మిన మూడేళ్లు: మా మిర్చి ఏసీలో సెన్సర్ గేట్‌వే

గుంటూరు మిర్చి వ్యాపారంలో కోల్డ్ స్టోరేజీ అన్న పేరు పెద్దగా వినపడదు. అందరూ "ఏసీ" అనే అంటారు. "సరుకు ఏసీలో ఉంది" అంటే చాలు, అర్థమైపోతుంది. అలాంటి ఒక ఏసీలో నేను ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చూస్తాను. మిషన్ రూమ్‌లో అమోనియా కంప్రెసర్లు, పక్కన నాలుగు చాంబర్లు, సీజన్ అయ్యేసరికి పైకప్పు దాకా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు. ఒక్కో టిక్కీలో నలభై కిలోల పైచిలుకు ఎండు మిర్చి. చాంబర్ వేడెక్కితే కాయ రంగు తగ్గుతుంది, తేమ పెరిగితే బూజు పడుతుంది. ఏది జరిగినా రైతు వచ్చి నిలబడేది మా ఆఫీసు ముందే.

2022 సీజన్ మొదలయ్యే ముందు ఓనరు గారు తన ఫోన్‌లో చాంబర్ల టెంపరేచర్ కనపడాలన్నారు. అలా వచ్చింది ఈ గేట్‌వే, అంటే సెన్సర్ల రీడింగులు తీసుకుని నెట్ మీద సర్వరుకు పంపే పెట్టె. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ ధరలో దొరికే పెట్టెలు నేను మరో రెండు చూశాను, వాటి వెబ్ పేజీలూ ఇంచుమించు ఇలాగే ఉన్నాయి. కాబట్టి పేరు తెలియకపోయినా చదివేవాళ్లకు నష్టం లేదు.

పెట్టె చిన్నదే. ప్యానెల్‌లో డిన్ రైలు అనే లోహపు పట్టీ మీద కూర్చుంటుంది, 24 వోల్టుల డీసీతో నడుస్తుంది. సెన్సర్ల వైర్లు కలిపే రెండు ఆర్‌ఎస్-485 పోర్టులు, ఒక ఈథర్‌నెట్ పోర్టు, ఒక సిమ్ స్లాటు. సెన్సర్లు, ఎనర్జీ మీటర్లు మోడ్‌బస్ భాష మాట్లాడతాయి. అది 1979లో మోడికాన్ కంపెనీ తన పీఎల్‌సీల (ఫ్యాక్టరీ యంత్రాలను నడిపే కంట్రోలర్ల) కోసం తయారుచేసుకున్నది. సర్వరుకు మాత్రం ఎంక్యూటీటీ అనే వేరే భాష కావాలి. అది 1999లో చమురు పైపులైన్ల సమాచారాన్ని శాటిలైట్ లింకు మీద పొదుపుగా పంపడానికి పుట్టింది. ఈ ఇద్దరి మధ్య దుబాసీ మా గేట్‌వే. దుబాసీ చెప్పిందంతా నిజమేనా అన్నదే ఈ మూడేళ్లలో నాకు పడిన పెద్ద పాఠం. ఆ సంగతికి తర్వాత వస్తాను.

మొదటి రోజు లాప్‌టాప్‌కు కేబుల్ పెట్టి, ఐపీ చేత్తో మార్చుకుని, బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టాను. ఆఫీసు రౌటర్ అడ్రసు కూడా అదే. వైఫై ఆపడం మర్చిపోయి అరగంట సేపు రౌటర్ లాగిన్ పేజీలో గేట్‌వే పాస్‌వర్డ్ కొడుతూ కూర్చున్నాను. అసలు పేజీ తెరుచుకున్నాక బ్రౌజర్ "ఈ సైట్ సురక్షితం కాదు" అని భయపెట్టింది. పెట్టె తన సర్టిఫికెట్‌ను, అంటే డిజిటల్ గుర్తింపు పత్రాన్ని, తానే రాసుకుంటుంది కాబట్టి ఆ హెచ్చరిక మామూలే. నన్ను నిజంగా భయపెట్టింది వేరే ఉంది. అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా "అడ్మిన్" అనే ఉన్నా, మార్చమని ఆ పెట్టె ఒక్క మాట అడగలేదు. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ కెమెరాల్లో, రౌటర్లలో జొరబడింది ఇలాంటి ఫ్యాక్టరీ పాస్‌వర్డులను పట్టుకునే. ఆరేళ్ల తర్వాత తయారైన పెట్టె కూడా అలాగే రావడం నాకు నచ్చలేదు.

వెబ్ పేజీ చూడ్డానికి మాత్రం ముచ్చటగా ఉంటుంది. ఎడమవైపు మెనూ: నెట్‌వర్క్, సీరియల్, చానెల్స్, క్లౌడ్, సిస్టమ్. ఒక్కో సెన్సర్ పక్కన ఒక చుక్క. పచ్చగా ఉంటే పనిచేస్తున్నట్టు, ఎర్రగా ఉంటే లేనట్టు. కనీసం నేను అలాగే అనుకున్నాను.

సీరియల్ సెట్టింగులు పావుగంట పని. 9600 బాడ్ రేటు (డేటా వేగం), పారిటీ (తప్పులు పట్టే బిట్), స్లేవ్ నంబర్లు (ఒక్కో సెన్సర్‌కు ఒకటి), అంతే. వైరింగ్ మాత్రం రెండు రోజులు తినేసింది. మా సెన్సర్ల మీద ఏ, బీ అని రాసిన టెర్మినల్స్, మీటరు మీద ఏ, బీ అని రాసినవి ఒకదానికొకటి తిరగేసి ఉన్నాయి. ఇది తయారీదారుల మధ్య ఎప్పటినుంచో నలుగుతున్న గందరగోళమే. ముందున్న కాంట్రాక్టరు ప్రతి చాంబర్ నుంచి విడిగా కేబుల్ లాగి ప్యానెల్ దగ్గర అన్నీ ఒకచోట కలిపాడు. ఆర్‌ఎస్-485కు అలా చెట్టుకొమ్మల్లా విడిపోవడం పడదు. ఒక సెన్సర్ నుంచి ఇంకో సెన్సర్‌కు దండలా గుచ్చుకుంటూ పోవాలి, రెండు చివర్లలో 120 ఓముల రెసిస్టర్లు పెట్టాలి. పైగా మా కేబుల్ కంప్రెసర్ మోటారు కేబుళ్లతో కలిసి ఒకే ట్రేలో పరుగెత్తేది. మోటారు స్టార్టయినప్పుడల్లా రీడింగులు తప్పేవి. ట్రే మార్చి, కేబుల్ షీల్డు (లోపలి లోహపు తొడుగు) ఒక్క చివరే ఎర్త్ చేశాక కుదుటపడింది.

ఏ సెన్సర్ నుంచి ఏ విలువ చదవాలో చెప్పే చానెల్స్ పేజీలో అసలు కథ మొదలైంది. సెన్సర్ మాన్యువల్‌లో టెంపరేచర్ రిజిస్టర్ (విలువ దాచే గడి) 40001, తేమ 40002 అని ఉంది. వెబ్ పేజీ "స్టార్ట్ అడ్రస్" అని అడిగింది. నేను 1, 2 అని కొట్టాను. వెంటనే చాంబర్ టెంపరేచర్ 62 డిగ్రీలు చూపించింది, తేమ దగ్గర ఎర్రర్ 02. అప్పుడే ఫోన్‌లో యాప్ తెరిచిన ఓనరు గారు "ఏందయ్యా, మిర్చి వేయిస్తున్నారా?" అన్నారు. సంగతేమంటే లోపల లెక్క సున్నాతో మొదలవుతుంది: 40001 అంటే సున్నా, 40002 అంటే ఒకటి. నేను టెంపరేచర్ అనుకుని చదివింది తేమను. తేమ అనుకుని చదివిన చోట అసలు రిజిస్టరే లేదు. 02 అంటే "అలాంటి అడ్రసు నా దగ్గర లేదు" అని సెన్సర్ చెప్పడం. కొన్ని గేట్‌వేలు ఆ ఒకటిని తామే తీసేసుకుంటాయి, ఇది తీసుకోదు. పేజీలో ఆ ముక్క ఒక్క లైనులో రాసి ఉంటే సరిపోయేది.

ఎనర్జీ మీటరు ఇంకో తమాషా. వోల్టేజీ దశాంశాలతో వచ్చే సంఖ్య కాబట్టి రెండు రిజిస్టర్లు కలిపి చదవాలి. ఏది ముందు, ఏది వెనక అన్నది మీటరు తయారీదారు ఇష్టం. క్రమం తప్పుగా పెడితే 415 వోల్టులు ఉండాల్సిన చోట మైనస్ సున్నా కనపడుతుంది, మరుక్షణం లెక్కపెట్టలేనన్ని అంకెలతో ఒక సంఖ్య దూకుతుంది. వెబ్ పేజీలో దీనికి నాలుగు ఆప్షన్లు ఉన్నాయి. ఒక్కొక్కటీ మార్చి చూసి, 415కు దగ్గరగా ఏది వస్తే దాన్ని ఉంచాను. ఇంతకన్నా శాస్త్రీయమైన పద్ధతి ఉందేమో గానీ అవసరం పడలేదు.

ఇక అప్లై, సేవ్ అనే రెండు బటన్ల సంగతి. అప్లై నొక్కితే మార్పు అప్పటికప్పుడు పనిచేస్తుంది. సేవ్ నొక్కితేనే కరెంటు పోయినా నిలుస్తుంది. పద్దెనిమిది చానెళ్లు టైపు చేసి, అప్లై నొక్కి, అంతా వస్తోందని ఇంటికి పోయి హాయిగా పడుకున్నాను. వారం తర్వాత ప్యానెల్ పని కోసం సప్లై తీసి మళ్లీ ఇస్తే పెట్టె పసిపిల్లలా లేచింది, ఒక్క చానెల్ గుర్తులేదు. పైగా ఐదు నిమిషాలు కదలకపోతే పేజీ మనల్ని లాగౌట్ చేస్తుంది, అప్పటిదాకా టైపు చేసింది గంగలో కలుస్తుంది. మాన్యువల్ చూసి అంకె కొట్టేవాడికి ఐదు నిమిషాలు ఏ మూలకు? అప్పటి నుంచి చానెళ్లన్నీ సీఎస్‌వీ ఫైలులో (కామాలతో విడదీసిన పట్టికలో) రాసి ఎక్కిస్తున్నాను. ఈ ఒక్క సౌకర్యానికి మాత్రం ఆ కంపెనీకి దండం పెట్టొచ్చు. చానెల్ పేరులో కామా పెట్టకండి, కాలమ్స్ అన్నీ పక్కకు జరుగుతాయి.

ఇప్పుడు పచ్చ చుక్క సంగతి.

2023 జూలైలో ఒక రాత్రి రెండు గంటలకు మా ఆపరేటరు ఫోన్ చేశారు. ముప్పై ఏళ్లుగా ఏసీల్లో పనిచేస్తున్న మనిషి, నేను బాబాయ్ అంటాను. "అబ్బాయ్, నాలుగో చాంబర్‌లో తేడాగా ఉంది, రా" అన్నారు. మంచం మీద నుంచే ఫోన్‌లో చూశాను. నాలుగో చాంబర్ 5.2 డిగ్రీలు, పచ్చ చుక్క. "బాగానే ఉంది కదా బాబాయ్, 5.2 చూపిస్తోంది" అన్నాను.

"నీ ఫోన్‌లో ఎంతుంటే నాకెందుకురా? గోడ మీద డయల్ తొమ్మిదికి వచ్చింది. ఫ్యాన్ చప్పుడే లేదు లోపల."

వెళ్లి చూస్తే నాలుగో చాంబర్ కూలర్ ఫ్యాను ఓవర్‌లోడ్ రిలే ట్రిప్పయింది. సరిగ్గా అదే రోజు సాయంత్రం మూడో చాంబర్ దగ్గర ఎలుక సెన్సర్ కేబుల్ కొరికేసింది. దండలా గుచ్చిన లైను కదా, అక్కడ తెగితే తర్వాతున్నవన్నీ పోయినట్టే. మూడో చాంబర్‌లో సగం సెన్సర్లు, నాలుగో చాంబర్‌లో మొత్తం మూగబోయాయి. గేట్‌వే మాత్రం సాయంత్రం చివరిసారి విన్న 5.2నే రాత్రంతా సర్వరుకు చెబుతూ పోయింది. పైగా ప్రతి నిమిషం, కొత్త టైముతో.

చానెల్స్ పేజీలో "అడ్వాన్స్‌డ్" అనే చిన్న బాణం గుర్తు ఉంటుంది. అది నొక్కితే లోపల "ఆన్ ఎర్రర్" అని ఒక సెట్టింగు. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే అది "హోల్డ్ లాస్ట్ వాల్యూ" మీద ఉంది. అంటే సెన్సర్ పలకకపోతే పాత విలువే పట్టుకు కూర్చో అని. పచ్చ చుక్క అర్థం కూడా నేననుకున్నది కాదు. సీరియల్ పోర్టు తెరుచుకుని ఉంది, చానెల్ ఆన్‌లో ఉంది, అంతవరకే. సెన్సర్ చివరిసారి ఎప్పుడు జవాబిచ్చిందో, ఎన్నిసార్లు గడువులోగా జవాబు రాక టైమౌట్ అయిందో డయాగ్నోస్టిక్స్ అనే వేరే పేజీలో అంకెలతో సహా ఉంది. ఆ రాత్రి అక్కడ నాలుగో చాంబర్ టైమౌట్లు వేలల్లో కనపడ్డాయి. అంటే పెట్టెకు విషయం తెలుసు. మాకు చెప్పలేదు.

ఆ రాత్రి సరుకుకు ఏమీ కాలేదు. నిండు చాంబర్ మెల్లగానే వేడెక్కుతుంది, పైగా బాబాయ్ తొందరగా పట్టుకున్నారు. కానీ తెల్లారేదాకా నాకు చేతులు వణుకుతూనే ఉన్నాయి.

మర్నాడు అన్ని చానెళ్లలో ఆన్ ఎర్రర్‌ను "ఇన్‌వ్యాలిడ్" అని మార్చాను. ఇంకో ఆప్షన్ "జీరో" కూడా ఉంది, దాని జోలికి పోకండి. ఏసీలో సున్నా డిగ్రీలు అంటే ఎవరైనా నిజమే అనుకుంటారు. సర్వరులో ఇంకో నిబంధన పెట్టించాను: అరగంట పాటు విలువ దశాంశంతో సహా కదలకుండా ఉంటే అలారం. నిజమైన చాంబర్‌లో కంప్రెసర్ ఆగుతూ నడుస్తూ ఉంటుంది, గ్రాఫు ఎప్పుడూ కొంచెం వణుకుతూ ఉండాలి. గీత స్కేలు పెట్టి గీసినట్టు ఉంటే నేనిప్పుడు టార్చి తీసుకుని బయల్దేరతాను.

చిన్న చిన్న విషయాలు మరికొన్ని. ఒక సెన్సర్ చచ్చిపోతే మిగతావాటి రీడింగులూ నెమ్మదిస్తాయి. బతికున్న సెన్సర్ జవాబు క్షణంలో చిన్న వంతులో వచ్చేస్తుంది. చచ్చినదాని కోసం గేట్‌వే ఒక సెకను చొప్పున మూడుసార్లు ఎదురుచూస్తుంది. టైమౌట్‌ను 300 మిల్లీసెకన్లకు తగ్గించాక ఆ బాధ తగ్గింది.

టైము విషయంలో ఇంకా చికాకే. పెట్టె యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో లెక్కపెడుతుంది, మన టైము దానికన్నా ఐదున్నర గంటలు ముందుంటుంది. మొదటి నెల గ్రాఫు చూసి కంప్రెసర్ల లోడు మిట్టమధ్యాహ్నం ఎక్కువగా ఉందని తెగ విశ్లేషించాం. అది సాయంత్రం లోడు. సిస్టమ్ పేజీలో టైమ్ జోన్ మార్చినా ఆ మార్పు వెబ్ పేజీకే, సర్వరుకు వెళ్లే డేటాకు కాదు. అది సర్వరు వైపు సర్దుకోవాలి. ఇందులో గడియారానికి బ్యాటరీ కూడా లేదు. కరెంటు వచ్చి నెట్‌వర్క్ రాకపోతే 1970 జనవరి 1 నుంచి మొదలుపెడుతుంది. మా సర్వరులో ఇప్పటికీ 1970 నాటి చాంబర్ టెంపరేచర్లు కొన్ని భద్రంగా ఉన్నాయి. గేట్‌వేకు చిన్న యూపీఎస్ పెట్టాక ఆ చరిత్ర రాయడం ఆగింది.

నెట్ పోయినప్పుడు డేటా దాచుకుని, వచ్చాక పంపడం మాత్రం బ్రహ్మాండంగా చేస్తుంది. తుపాను సమయంలో ఒకసారి రోజున్నర సిమ్ సిగ్నల్ లేదు. తర్వాత చూస్తే గ్రాఫులో ఒక్క ఖాళీ లేదు.

ఇంటి నుంచి వెబ్ పేజీ తెరవాలంటే సిమ్ మీద కుదరలేదు. మామూలు సిమ్‌కు బయటి నుంచి చేరుకునే సొంత ఐపీ ఉండదు. అమ్మిన డీలరు "ఆఫీసు బ్రాడ్‌బ్యాండ్‌కు మార్చి, రౌటర్‌లో పోర్టు ఫార్వార్డింగ్ పెట్టేయండి సార్, రెండు నిమిషాల పని" అన్నాడు. అంటే బయటి నెట్ నుంచి నేరుగా గేట్‌వేకు దారి తెరవడం. రెండు నిమిషాల పనే, ప్రపంచమంతా మన లాగిన్ పేజీ తలుపు తట్టడానికి కూడా అంతే సమయం పడుతుంది. అందుకే అది కాకుండా వీపీఎన్ (నెట్ మీద తాళం వేసిన సొంత దారి) పెట్టుకున్నాను. ఓనరు గారికి, ఆపరేటర్లకు "వ్యూయర్" ఖాతాలు ఇచ్చి, అడ్మిన్ నా ఒక్కడి దగ్గరే ఉంచాను. అంతకుముందు అందరం ఒకే అడ్మిన్‌తో వెళ్లేవాళ్లం, ఏదైనా మారితే లాగ్‌లో "అడ్మిన్ మార్చాడు" అని ఉండేది. ఏ అడ్మిన్?

ఫర్మ్‌వేర్ (పెట్టె లోపలి సాఫ్ట్‌వేర్) మూడేళ్లలో రెండుసార్లు మార్చాను, రెండుసార్లూ మిర్చి కొత్త సీజన్ రాకముందు, చాంబర్లు సగం ఖాళీగా ఉన్నప్పుడే. బ్యాకప్ ఫైలు తీసుకుంటే అన్నీ వచ్చేసినట్టే అనుకున్నాను. సర్వరు సర్టిఫికెట్లు అందులో రావు, విడిగా దాచుకోవాలి. రెండో అప్‌డేట్ రోజు ఆ సంగతి తెలిసింది.

పెట్టె గట్టిదే. గుంటూరు మే నెల ఎండను ప్యానెల్‌లోనే ఉండి తట్టుకుంది. అయితే మొదట దాన్ని మిషన్ రూమ్ గోడకు పెట్టాం. ఆరు నెలల్లో టెర్మినల్ స్క్రూలు, వైర్ల కొనలు నీలం, ఆకుపచ్చ కలిసిన రంగుకు తిరిగాయి. అమోనియాకు రాగి, ఇత్తడి అంటే పడదు. తప్పు పెట్టెది కాదు, నాది. బయట వరండాలోకి మార్చాం.

ఈ సంవత్సరం రెండో బిల్డింగ్ కట్టారు. వేరే మోడళ్లు రెండు చూసి, చివరికి మళ్లీ ఇదే ఆర్డర్ పెట్టాం. చానెళ్ల సీఎస్‌వీ నా దగ్గర సిద్ధంగా ఉంది, దీని చెడ్డ అలవాట్లన్నీ నాకు తెలుసు. డీలరుతో ధర దగ్గర పెద్దగా బేరమాడలేదు. ఆ హోల్డ్ సెట్టింగు మార్చి పంపమని కంపెనీకి చెప్పండని మాత్రం గట్టిగా అడిగాను. "తప్పకుండా సార్" అన్నాడు. పోయిన వారం పెట్టె వచ్చింది. లాగిన్ అయి, చిన్న బాణం నొక్కి చూశాను. హోల్డ్ మీదే ఉంది.