పర్లాకిమిడి, కాశీనగర్ వైపు వాళ్ళకి: గర్భిణుల పౌడర్ కొనేముందు ఇది చదవండి

మా మరదలు పిల్లల కోసం చూస్తోందని డాక్టరమ్మ రోజుకొకటి వేసుకోమని ఫోలిక్ యాసిడ్ రాసిచ్చింది. చిన్న పసుపు మాత్రలు, పెద్ద ఖరీదేమీ కాదు. అప్పుడే ఇంటింటికీ తిరిగే ఒకావిడ వచ్చింది. తెలుగూ ఒడియా రెండూ గడగడా మాట్లాడుతుంది, చేతిలో పసిపిల్లల ఫొటోల ఆల్బం. "ఆ మాత్రలు వేడి చేస్తాయమ్మా, కడుపు నిలవదు. ఈ పౌడర్ తాగితే రక్తం పడుతుంది, ఇదొక్కటే చాలు" అందట. డబ్బా 1,450 రూపాయలు. మరదలు మూడు కొంది, మాత్రలు ఆపేసింది. మాకెవరికీ చెప్పలేదు.

నెల తప్పింది. మూడో నెలలో పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.4. గర్భిణికి 11కి తగ్గకూడదు. అప్పుడు ఏడుస్తూ డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది.

అడుగున గడువు తేదీ ఉండేచోట తెల్ల స్టిక్కరు. గోటితో గీకితే కింద అసలు తేదీ బయటపడింది, దాటిపోయి ఐదు నెలలు. పదార్థాల్లో మొట్టమొదట రాసింది చక్కెర. ఏది ఎక్కువుంటే అదే ముందు రాస్తారు. ఫోలిక్ యాసిడ్ రెండు చెంచాలకు 40 మైక్రోగ్రాములు. రోజుకు కావలసింది 400. అంటే ఇరవై చెంచాలు తాగాలి!

రక్తం తగ్గడానికి ఆ పొడే కారణమని అనను. నా బాధ మాత్రలు మాన్పించినందుకు. బిడ్డకి వెన్నూ మెదడూ తయారయ్యే నాళం కడుపు నిలిచిన నాలుగు వారాల్లోపే మూసుకుంటుంది. చాలామందికి నెల తప్పిందని తెలిసేదే అప్పటికి. ఆ నాళం సరిగ్గా మూసుకోడానికి ఫోలిక్ యాసిడ్ కావాలి, అందుకే ఆ మాత్ర ముందు నుంచీ వేసుకోమంటారు. ఆ రోజులు మా మరదలికి చక్కెర పొడితో గడిచిపోయాయి. ఐదో నెల స్కాన్ అయ్యేదాకా నాకు నిద్ర పట్టదు.

పౌడర్ తాగాలనుంటే డాక్టరుని అడిగి తాగండి, మాత్రలు మాత్రం మానకండి. మమతా దివస్ నాడు (ఊళ్ళో గర్భిణులకీ పసిపిల్లలకీ ఆరోగ్య పరీక్షలు చేసే రోజు) ఆశా దీదీ ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. నాలుగో నెల నుంచి 180 రోజులు, పైసా ఖర్చు లేదు. మలం నల్లగా అవుతుంది, కంగారు పడకండి. కాల్షియం మాత్ర వేరే పూట వేసుకోండి, ఎర్ర మాత్ర టీతో అసలు వద్దు.

పౌడర్ అమ్మిన ఆవిడ ఫోను ఇప్పుడు పలకడం లేదు. బిల్లు ఇవ్వలేదు, మేమూ అడగలేదు. వినియోగదారుల ఫిర్యాదుల నంబరు 1915కి ఫోన్ చేసి చెప్పాం. గుణుపూర్ వైపు తిరుగుతోందని విన్నాను. డబ్బా నా దగ్గరే ఉంది, ఎవరైనా వచ్చి చూడొచ్చు.