అవుట్‌బోర్డ్ ఇంజిన్ కొనేవారు షాఫ్ట్ పొడవు కొలవకుండా డబ్బు కట్టవద్దు

ఉప్పాడ, కాకినాడ తీరంలో ఫైబర్ బోటుకు అవుట్‌బోర్డ్ ఇంజిన్, అంటే బోటు వెనుక పలకకు బయటినుంచి బిగించే ఇంజిన్, కొనబోయే ప్రతి ఒక్కరికీ ఈ హెచ్చరిక. షాఫ్ట్ అంటే ఆ ఇంజిన్ నుంచి నీటిలోకి దిగే కాడ. ఏ దుకాణమో ఇక్కడివారికి చెప్పనవసరం లేదు. ఏప్రిల్ 15న మొదలయ్యే 61 రోజుల వేట నిషేధం ముగిసేలోగా బోటు సిద్ధం కావాలని మా నాన్నగారు అక్కడ 9.9 హార్స్‌పవర్ ఇంజిన్ తీసుకున్నారు. బిగించి ఇచ్చింది కూడా వారే.

కెరటం ఎక్కినా, మలుపు తిప్పినా ఇంజిన్ ఒక్కసారిగా కీచుమని రేజ్ అయ్యేది, బోటు మాత్రం ఉన్నచోటే చతికిలబడేది. ఇంజిన్‌ను చల్లబరిచి బయటకు వచ్చే నీటి ధార కూడా తెగి తెగి పడేది. దుకాణదారు చూసి, ఇది కేవిటేషన్ అని, అల్యూమినియం ప్రొపెల్లర్ (నీటిని నెట్టి బోటును నడిపే రెక్కల చక్రం) పాడైపోయిందని చెప్పి, 18,000 రూపాయలకు స్టీల్ ప్రొపెల్లర్ అంటగట్టాడు. దాంతోనూ అదే వరస.

మళ్లీ వెళ్లినప్పుడు అతను పాత ప్రొపెల్లర్ చేతిలోకి తీసుకుని, ఇసుకకు రాసుకుని రంగు లేచిన రెక్క అంచును బొటనవేలితో రుద్ది చూపుతూ, "కేవిటేషన్ ఎలా తినేసిందో చూశారా?" అన్నాడు. రెక్క మీద ఒక్క గుంట కూడా లేదు. అదే మాట నాన్నగారు అంటే, పదిమంది ఎదుట, "తెరచాప లాగినవాళ్లకు ఈ ఇంజిన్లేం తెలుస్తాయి పెద్దాయనా, ముందు నడపడం నేర్చుకో" అన్నాడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర నుంచి సముద్రం మీదే బతికిన మనిషిని అన్న ఆ మాట నాకు ఇంకా మింగుడుపడటం లేదు.

కేవిటేషన్‌లో రెక్క మీద పీడనం బాగా పడిపోవడం వల్ల నీరు మామూలు వేడి దగ్గరే ఆవిరి బుడగలవుతుంది. ఆ బుడగలు రెక్కను ఆనుకుని చితికినచోట లోహానికి సూదితో పొడిచినట్టు గుంటలు పడతాయి. మా బోటుకు జరిగింది వెంటిలేషన్: ప్రొపెల్లర్ నీటిపైనున్న గాలిని లోపలికి లాక్కుని, పట్టు జారి ఉత్తినే తిరగడం. వేరే మెకానిక్ టేపు పెట్టి చూస్తే, ఇంజిన్ బిగించే వెనుక పలక ఎత్తు 20 అంగుళాలు, షాఫ్టు 15 అంగుళాలది. ప్రొపెల్లర్‌కు పైనుండే అడ్డపలక బోటు అడుగుకు సమానంగానో, ఒక అంగుళం కిందికో ఉండాలి. మాది దాదాపు 5 అంగుళాలు పైన ఉంది. ఏ ప్రొపెల్లర్ మార్చినా ఆ తేడా పూడదు. బిగించిన చేతులకు ఈ సంగతి తెలియదంటే నేను నమ్మను. ఇప్పుడేమో, వాడిన సరుకు వెనక్కు తీసుకోబోమంటున్నారు.

కొనేవారు వెనుక పలకను మీరే కొలుచుకుని వెళ్లండి, షాఫ్టు పొడవును బిల్లు మీద రాయించుకోండి, రెక్కల మీద గుంటలు కళ్లారా చూడకుండా కేవిటేషన్ పేరుతో ప్రొపెల్లర్ మార్చనివ్వకండి.