డల్లాస్‌లో రెండు అక్టోబర్లు: ఆట కంటే ముందు మొదలయ్యే ఆట

మా అమ్మాయి ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో చదువుతోంది. మా అక్కయ్య కొడుకు నార్మన్‌లోని ఓక్లహోమా విశ్వవిద్యాలయంలో చదువు పూర్తి చేశాడు. ఈ రెండు విశ్వవిద్యాలయాల జట్లూ ఏటా అక్టోబరులో, ఆస్టిన్‌కూ నార్మన్‌కూ దాదాపు నడిమధ్యన ఉన్న డల్లాస్‌లో తలపడతాయి. 1929 నుంచి ఏటా అక్కడే జరుగుతున్న ఈ పోటీకి మేము హ్యూస్టన్ నుంచి 2023లోనూ 2024లోనూ వెళ్ళాము. బంతిని చేత పట్టుకుని పరుగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్ ఇది. ఆట గురించి ఎక్కడైనా చదవవచ్చు. ఎక్కడ దిగితే, ఎలా చేరుకుంటే, ఎంత ముందుగా వెళ్తే ఈ ప్రయాణం పండుతుందో మాకు తెలిసినంత వరకు రాస్తున్నాను. నా దృష్టిలో ఈ ప్రయాణానికి ప్రాణం ఆటకు ముందు అభిమానులు చేసే వాదనలే, వాటిని వినే అవకాశం మనం ఎంచుకునే బసను బట్టి, బండిని బట్టి ఉంటుంది.

2023లో డల్లాస్ శివారు ఫ్రిస్కోలోని అక్కయ్య ఇంట్లో దిగాము. ఇంటి భోజనం, ఖర్చు లేని బస, ఇంతకంటే కావలసిందేముంది అనుకున్నాము గాని, ఆ ఏడాది ఆట ఉదయం పదకొండింటికే మొదలైంది. డల్లాస్ రవాణా సంస్థ డార్ట్ నడిపే రైలు ఫ్రిస్కోకు లేదు కనుక తెల్లవారకముందే లేచి, కారులో ప్లేనోలోని పార్కర్ రోడ్ స్టేషన్‌కు చేరి, అక్కడ రెడ్ లైన్ ఎక్కి, డౌన్‌టౌన్‌లో గ్రీన్ లైన్‌కు మారి ఫెయిర్ పార్క్‌లో దిగాము. గ్రీన్ లైన్ స్టేషన్ సరిగ్గా మైదానం ఉన్న ఆవరణ ద్వారం ఎదుటే ఉంటుంది కాబట్టి పార్కింగ్ బెడద అసలే లేదు. ఆ ఏడాది ఆరు డాలర్ల రోజు పాస్‌తో రానూపోనూ సరిపోయింది.

ఆ రైలులోనే నేను మొదటిసారి ఈ వాదనలు విన్నాను. నారింజ చొక్కాలు వేసుకున్న టెక్సస్ అభిమానులకు ఆ ఏడాది ఒక్కటే మాట, తమ ఆటగాడు జేవియర్ వర్తీ వేగం. అతడి కాళ్ళను పట్టగలిగినవాడు ఓక్లహోమాలో లేడని వారు అంటుంటే, ఎర్ర చొక్కాల ఓక్లహోమా వారు, వేగం ఉంటే సరిపోదు, పరుగెత్తడానికి చోటు కూడా ఉండాలి కదా అని బదులు చెప్పారు. మా మేనల్లుడు నా చెవిలో, "మామయ్యా, చెడుగుడులో కూతకొచ్చినవాడు ఎంత చురుకైనవాడైనా, మనవాళ్ళు గీత దగ్గర దారి మూసేస్తే వాడేం చేస్తాడు?" అన్నాడు. కృష్ణా జిల్లా పల్లెలో చెడుగుడు ఆడి పెరిగిన నాకు ఆ ఒక్క మాటతో ఈ ఆటలోని సగం వ్యూహం బోధపడింది. ఆ మధ్యాహ్నం టెక్సస్ జట్టు గోల్ గీతకు ఒక్క గజం దూరం దాకా వచ్చి, నాలుగు ప్రయత్నాలలోనూ దాటలేకపోయింది. నాలుగో ప్రయత్నంలో బంతి అందుకున్నది వర్తీయే. గీతకు అంత దగ్గరగా ఉన్నప్పుడు వేగం పుంజుకోవడానికి చోటెక్కడిది? ఎర్ర చొక్కాలు అతణ్ణి అక్కడే పడగొట్టాయి. చివరికి 15 సెకన్లు మిగిలి ఉండగా డిల్లన్ గాబ్రియెల్ విసిరిన టచ్‌డౌన్‌తో, అంటే గోల్ గీత అవతలికి చేరిన బంతితో, ఓక్లహోమా 34–30తో గెలిచింది. బంతి విసిరి దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్ అయిన గాబ్రియెల్ ఆ రోజు తన కాళ్ళతోనే 113 గజాలు సాధించాడు.

తరువాతి మార్చిలో వర్తీ, వృత్తి ఆటగాళ్ళ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ ఎంపిక పరీక్షలలో 40 గజాల దూరాన్ని 4.21 సెకన్లలో పరుగెత్తి కొత్త రికార్డు నెలకొల్పాడు. మా అమ్మాయి ఆ సంగతి చెప్పడానికి అర్ధరాత్రి ఫోను చేసింది, "చూశారా నాన్నా!" అంటూ. నిజమే, అంత వేగం ఎవరికీ లేదు. అయినా ఆ ఒక్క గజం మాత్రం నాకు గుర్తుండిపోయింది.

2024లో అక్కయ్యావాళ్ళు ఇండియా వెళ్ళడంతో డల్లాస్ పక్కనే ఉన్న ఇర్వింగ్‌లోని లాస్ కొలీనాస్ ప్రాంతంలో హోటల్ తీసుకున్నాము. మామూలు వారాంతపు ధరకు రెండింతలకు పైగా చెల్లించవలసి వచ్చింది, పైగా కనీసం రెండు రాత్రులు ఉండాలన్న నిబంధన ఒకటి. స్టేషన్ దాకా హోటల్ బండి వస్తుందని గది తీసుకునేటప్పుడు చెప్పినవారు, ఆ ఉదయం అడిగితే ఆ వారాంతానికి బండి లేదన్నారు. ఎండలో పెద్దవాళ్ళతో నడవవలసి వచ్చినవారు ఒకరిద్దరు కనిపించారు, అది బాధ కలిగించింది. ముందే చెప్పి ఉంటే అందరూ వేరే ఏర్పాటు చేసుకునేవారు. ఇది తప్పిస్తే గదులు శుభ్రంగా, నిశ్శబ్దంగా ఉన్నాయి. ఆరెంజ్ లైన్ దగ్గరలోనే ఉంది. మెకార్థర్ బులెవార్డ్ మీద మన భోజనం కావలసినంత దొరుకుతుంది, రాత్రి పప్పు, గోంగూరతో అన్నం తిని పడుకున్నాము.

అక్కయ్య ఇంట్లో దొరకనిది ఆ హోటల్‌లో దొరికింది, అది ఉదయం ఫలహారాల గది. అక్కడ నారింజ, ఎరుపు చొక్కాలు ఒకే బల్ల దగ్గర కూర్చున్నాయి. ఎర్ర టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన చక్కెర పొట్లాలను బల్ల మీద వరుసగా పేర్చి, అవతలి జట్టు రిసీవర్‌గా, అంటే పరుగెత్తి బంతి అందుకునేవాడిగా, ఉప్పు సీసాను నిలిపి, మా అమ్మాయికి ఓపికగా వివరించాడు: ఉప్పు సీసా ఎంత వేగంగా వెళ్ళినా, అందరికంటే వెనుక కాపలా ఉండే సేఫ్టీ అనే ఆటగాడు దాని వెంట పడడు, అది చేరబోయే చోటికి అడ్డంగా వెళ్తాడు, కోణం సరిగ్గా పడితే నెమ్మదిగా పరుగెత్తేవాడు కూడా వేగంగా పరుగెత్తేవాణ్ణి పట్టగలడు. మా అమ్మాయి అంతా విని, రెండు చక్కెర పొట్లాలను ముందుకు జరిపి, "మీ రిసీవర్లలో ముఖ్యమైనవాళ్ళంతా గాయాలతో బయట ఉన్నారు. లోతుగా పరుగెత్తి భయపెట్టేవాడు లేనప్పుడు మా సేఫ్టీలు వెనుక ఎందుకుంటారు? ఇలా ముందుకు వస్తారు. అప్పుడు మీ కుర్రాడు ఎటు పరుగెత్తుతాడు?" అని అడిగింది. ఆ కుర్రాడు మైకేల్ హాకిన్స్ జూనియర్, మా అక్కయ్యావాళ్ళ ఫ్రిస్కోలోనే హైస్కూలు చదివిన మొదటి సంవత్సరం క్వార్టర్‌బ్యాక్. మా మేనల్లుడు వదలలేదు: "గాయం వల్ల మీ క్వార్టర్‌బ్యాక్ ఈవర్స్ రెండు ఆటలు ఆడలేదు. మా కోచ్ వెనబుల్స్ డిఫెన్స్‌లో దిట్ట. బ్లిట్జ్ పంపితే, అంటే మావాళ్ళు ఎక్కువమంది ఒక్కసారిగా మీద పడితే, మీవాడు బంతి విసిరేలోపే పట్టేస్తారు." పెద్దాయన ఇద్దరి మాటలకూ తల ఊపుతూ, చల్లారిన కాఫీ అలాగే తాగేశాడు.

ఆ ఏడాది ఆట మధ్యాహ్నం రెండున్నరకు. ఈ తేడాను చిన్నదిగా తీసిపారేయవద్దు. ఆట టికెట్టుతోనే ఆ ఆవరణలో జరిగే టెక్సస్ స్టేట్ ఫెయిర్ అనే జాతరలోకి ప్రవేశం దొరుకుతుంది కాబట్టి, మధ్యాహ్నపు ఆట అయితే జాతరలో మూడు నాలుగు గంటలు హాయిగా తిరగవచ్చు. 55 అడుగుల బిగ్ టెక్స్ బొమ్మ కింద అందరూ కలుసుకుంటారు. 1942 నుంచి అమ్ముతున్న ఫ్లెచర్స్ కార్నీ డాగ్ (పుల్లకు గుచ్చి వేయించిన సాసేజ్) కోసం వరుస పొడవుగా ఉంటుంది. మాంసం తినని మాకు కాల్చిన మొక్కజొన్న కంకులు దొరికాయి. ఆ ఏడాది తిండికి నగదు తీసుకోలేదు, కూపన్లు కొనవలసి వచ్చింది. ఆ వరుసల్లో కూడా ఇవే వాదనలు, అలబామా నుంచి వచ్చిన ఐజయా బాండ్ వర్తీ లోటు తీరుస్తాడా, నిరుటి గాబ్రియెల్‌లా హాకిన్స్ పరుగెత్తగలడా అని. ఒకరి మాట ఒకరు కొట్టిపారేస్తున్నా, ఎదుటివారు చెప్పేది ఆసాంతం వినేవారు. నాకు అన్నిటికంటే నచ్చినది ఆ వినడమే.

ఆట జరిగే కాటన్ బౌల్ పాతకాలపు మైదానం. 92,000 మందికి పైగా పడతారు, 50 గజాల గీత దగ్గర ఒకవైపు అంతా ఎరుపు, మరొకవైపు అంతా నారింజ. బెంచీలు ఇరుకు, మెట్లు నిటారు, పైవరుసల్లో ఎండ తప్పదు. లోపలికి పారదర్శకమైన సంచులే అనుమతిస్తారు. మా మేనల్లుడు తన సంచిని ద్వారం దగ్గర వదిలేయవలసి వచ్చింది. పెద్దవాళ్ళతో వెళ్ళేవారు డబ్బు ఎక్కువైనా కింది వరుసల టికెట్లే తీసుకోవడం మంచిది.

మొదటి పావులో ఓక్లహోమా 3–0తో ముందుంది. మా మేనల్లుడు మా అమ్మాయి వైపు చూసి కనుబొమలు ఎగరేశాడు. రెండో పావులో అంతా మారిపోయింది. ఆట మొత్తంలో ఈవర్స్ ఒక టచ్‌డౌన్ విసిరాడు, మరొకటి తానే పరుగెత్తి చేశాడు. టెక్సస్ ఆటగాడు విస్నర్ 118 గజాలు పరుగెత్తాడు. టెక్సస్ 34–3తో గెలిచింది. మా అమ్మాయి ఫలహారాల బల్ల మీద జరిపిన రెండు పొట్లాల లాగానే సేఫ్టీలు ముందుకు వచ్చి, హాకిన్స్‌కు దారి దొరకనివ్వలేదు.

తిరుగు రైలులో నిలబడడానికి కూడా చోటు లేదు. ఆట ముగియగానే బయలుదేరకుండా, జాతరలో ఒక గంట ఆగి వెళ్తే కూర్చోవడానికి వీలవుతుందని అప్పుడు తెలిసింది. మేము కిటికీ దగ్గర ఒకరినొకరు ఆనుకుని నిలబడి ఉండగా, మా మేనల్లుడు అలసిన గొంతుతో, "వచ్చే ఏడాది మా రిసీవర్లు కోలుకుంటారు, అప్పుడు చెప్పు" అన్నాడు. మా అమ్మాయి, "సరే బావా, గది మాత్రం ఈ హోటల్‌లోనే తీసుకుందాం, ఆ తాతగారు మళ్ళీ వస్తానన్నారు" అంది.