కట్టుకాలువ లేని నక్ష: మా ఊళ్లో రాబోతున్న ఇళ్ల వెంచర్‌పై సమీక్ష

యాదాద్రి భువనగిరి జిల్లాలో, వరంగల్ హైవే దిగి పది పన్నెండు కిలోమీటర్లు లోపలికి వెళ్తే మా ఊరు వస్తుంది. ఊర చెరువుకు ఎగువనున్న 14 ఎకరాల చెలకలో, అంటే మెట్ట నేలలో, 198 ఇళ్లు కట్టి అమ్ముతామని ఒక స్థిరాస్తి సంస్థ మొన్నటి వానాకాలానికి ముందు బోర్డు పాతింది. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. నేను ఈ ఊళ్లో పుట్టి, ఉద్యోగరీత్యా ఉప్పల్‌లో ఉంటూ, నెలకు రెండు మూడుసార్లు వచ్చిపోయేవాణ్ణి; పైగా ఇల్లు కొనాలని నిజంగానే వెతుకుతున్నవాణ్ణి. రెండుసార్లు సైటుకు వెళ్లి, ఒక ఆదివారం పంచాయతీ ఆఫీసు ముందు ఊరివాళ్లతో కంపెనీవాళ్లు పెట్టిన సమావేశంలో మొదటి నుంచి చివరిదాకా కూర్చొని, ఆ తర్వాత ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందు ఇంటి సంగతి చెప్పాలి, ఎందుకంటే అందులో వంక పెట్టడానికి నాకు పెద్దగా ఏమీ కనబడలేదు. 200 గజాల స్థలంలో రెండు పడక గదుల నమూనా ఇల్లు ఒకటి కట్టి చూపిస్తున్నారు. గదుల్లోకి గాలీ వెలుతురూ ధారాళంగా వస్తున్నాయి, వంటింటి వెనక గిన్నెలు కడుక్కోవడానికి వేరే జాగా ఉంది, డాబా మీదికి మెట్లు బయటి నుంచి పెట్టారు. మెట్ల సంగతి చిన్నదిగా కనిపించవచ్చు గానీ, మిరపకాయలు ఎండబెట్టుకునే ఇళ్లలో పెరిగినవాళ్లకు దాని విలువ తెలుస్తుంది. గోడను వేలితో తట్టి చూశాను, కుళాయిలు విప్పి చూశాను, కిటికీ రెక్కలు రెండుమూడుసార్లు మూసి తెరిచాను. పని శుభ్రంగా ఉంది. సైటు ఆఫీసులోని పిల్లలు మర్యాదగా మాట్లాడారు, అడిగిన కాగితాల్లో సగం అక్కడికక్కడే చూపించారు.

బ్రోచరు మాత్రం అన్ని బ్రోచర్ల లాంటిదే. మొదటి పేజీలో 2022 మార్చిలో పునఃప్రారంభమైన యాదగిరిగుట్ట ఆలయం, రెండో పేజీలో బీబీనగర్ ఎయిమ్స్, మూడో పేజీలో ప్రాంతీయ రింగు రోడ్డు గీత ఉన్నాయి. ఔటర్ రింగు రోడ్డు పాతిక నిమిషాలని రాశారు. సోమవారం పొద్దున ఎనిమిదింటికి బయలుదేరితే ఆ రోడ్డు మీది ఘట్‌కేసర్ జంక్షన్ చేరడానికి నాకు నలభై ఎనిమిది నిమిషాలు పట్టింది. ఘట్‌కేసర్ నుంచి రాయిగిరి వైపు ఎంఎంటీఎస్ రైలును కూడా బొమ్మగా వేశారు. ఆ పొడిగింపు మంజూరై చాలా ఏళ్లయినా ఇది రాస్తున్న నాటికి ఆ దారిలో ఎంఎంటీఎస్ నడవడం లేదు. ఈ మాత్రం పెంచి చెప్పడం వ్యాపారంలో మామూలే కనుక దాన్ని పెద్ద తప్పుగా నేను లెక్కవేయను.

అసలు విషయం సమావేశంలో తేలింది. వేపచెట్టు కింద కుర్చీలు వేసి, కంపెనీ తరఫున వచ్చిన మేనేజరు గోడకు పెద్ద నక్ష అతికించి, రోడ్లూ పార్కూ క్లబ్‌హౌసూ వేలితో చూపిస్తూ అరగంట మాట్లాడాడు. ఊరు మొత్తం వ్యతిరేకమని బయట ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఊరు రెండుగా కూడా లేదు, నాలుగైదు ముక్కలుగా ఉంది. కిరాణా కొట్టు నడిపేవారికి, ఆటో నడిపే కుర్రవాళ్లకు, తాపీ మేస్త్రీలకు ఈ వెంచర్ రావడం ఇష్టం. ఇంటి పన్నులతో పంచాయతీ ఖాతాలో నాలుగు డబ్బులు పడతాయని, రిజిస్ట్రేషన్ల మీద వచ్చే బదిలీ సుంకంలో స్థానిక సంస్థలకు వాటా ఉంటుందని ఒక మాజీ వార్డు సభ్యుడు లెక్కలతో సహా వివరించాడు. ఆ చెలకలు అమ్మిన కుటుంబాలు మాత్రం ఏమీ మాట్లాడకుండా వెనక వరసలో కూర్చున్నాయి.

పత్తి ఏరడానికి వెళ్లే ఆడవాళ్ల మాట వేరు. "ఆ పద్నాలుగెకరాల్ల పత్తి ఉంటే మా వాడకట్టుకు ఇరవై దినాల కూలి దొరుకుతుండె. రేపు ఆ ఇండ్లల్ల మాకేం పని సార్, బాసాండ్లు తోముడేనా?" అని ఒక పెద్దమ్మ నిలబడి అడిగింది. మేనేజరు తోటపని, కాపలా పని ఊరివాళ్లకే ఇస్తామన్నాడు. ఎంతమందికి, ఎన్నేళ్లపాటు అంటే అతని దగ్గర సమాధానం లేదు. దళితవాడ వాళ్లు అడిగింది ఇంకా సూటిగా ఉంది. వైకుంఠధామానికి వెళ్లే బండ్ల బాట వెంచర్ పడమటి హద్దు మీదుగా పోతుంది. ప్రహరీ లేచాక శవాన్ని ఏ దారిన తీసుకుపోవాలని వాళ్ల ప్రశ్న. అది నక్షబాట, అంటే గ్రామ నక్షలో గీత ఉన్న దారి, కాబట్టి దాన్ని మూయడం కుదరదని మేనేజరు ఒప్పుకొని, ప్రహరీని లోపలికి జరుపుతామని అందరి ముందూ చెప్పాడు. ఆ మాట తీర్మానం పుస్తకంలోకి ఎక్కించాలని పంచాయతీ కార్యదర్శిని అక్కడికక్కడే అడిగినవాళ్లు కుర్రవాళ్లు కాదు, డెబ్బై దాటిన ఇద్దరు ముసలివాళ్లు.

వాళ్లలో ఒకాయనను ఊళ్లో అందరం కాకా అనే పిలుస్తాం. చాలా ఏళ్లు నీరటిగా పనిచేసిన మనిషి. చెరువు తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎంతసేపు నీళ్లు వదలాలో ఆయన చేతిమీద జరిగింది. ఆయన నక్ష దగ్గరికి వెళ్లి, చేతికర్రతో ఈశాన్యపు మూల చూపించి, "ఇందుల కట్టుకాలువ ఏది బిడ్డా?" అని మాత్రం అడిగాడు. మేనేజరుకు ఆ మాట అర్థం కాలేదు. గుట్టల మీద పడ్డ వాననీళ్లను చెరువులోకి తెచ్చే కాలువను మా వైపు కట్టుకాలువ అంటారు. చెరువుకు గొంతు అదే. ఒక చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు పోయేలా గొలుసుకట్టుగా తవ్విన ఏర్పాటులో, ఈ కాలువ తెగితే మా చెరువు ఒక్కటే కాదు, కింద ఉన్న రెండు ఊళ్ల చెరువులు కూడా ఎండుతాయి.

సమావేశం ముగిశాక కాకాతో కలిసి నేను ఆ చెలకలోకి నడిచాను. ముందురోజు రాత్రి పెద్ద వాన పడింది. కంపెనీవాళ్లు డోజరుతో చదును చేసిన ఎర్రమట్టి మీద, తెల్ల సున్నంతో గీసిన ప్లాటు గీతలకు అడ్డంగా, బారెడు వెడల్పున నీళ్లు తమ పాత దారినే వెతుక్కుంటూ పారుతున్నాయి. రెండు నంబరు రాళ్లు ఒరిగిపోయి ఉన్నాయి. వంగి చూస్తే వాటి మీద 63, 64 అని ఎర్ర రంగుతో రాసి ఉంది. బ్రోచరులో చూసుకుంటే 61 నుంచి 74 వరకు ఉన్న వరస తూర్పు ముఖం ప్లాట్లు. వాటికి గజానికి అదనపు ధర పెట్టారు. కాకా చెప్పులు చేతపట్టుకొని, నీళ్లలోనే నడుస్తూ కాలువ ఎక్కడ మలుపు తిరిగేదో, ఎక్కడ రాతికట్టు ఉండేదో చూపించాడు. ఆ రాళ్లలో కొన్ని ఇప్పుడు ప్రవేశద్వారం పక్కన అలంకరణకు పేర్చి ఉన్నాయి.

కొనేవాళ్లకు ఇది ఊరివాళ్ల గొడవగా తోచవచ్చు గానీ, నిజానికి ఇది వాళ్ల డబ్బుకు సంబంధించిన విషయం. 2012 నాటి భవన నిబంధనల జీవో 168 ప్రకారం కాలువ, వాగు, నాలా వెడల్పు పది మీటర్ల లోపు ఉంటే దాని హద్దు నుంచి 2 మీటర్లు, అంతకు మించితే 9 మీటర్లు వదలాలి. పది హెక్టార్లు, ఆపై విస్తీర్ణమున్న చెరువైతే పూర్తి నీటిమట్టం గీత నుంచి 30 మీటర్లు వదలాలి. మా కట్టుకాలువ మూడు నాలుగు మీటర్లకు మించదు, కాబట్టి వదలాల్సింది కాలువ స్థలమూ రెండు పక్కలా రెండేసి మీటర్లే. అంటే ఆ పద్నాలుగు ప్లాట్ల వరసను కొద్దిగా జరిపితే సరిపోయే పని. జరపకుండా అమ్మితే మాత్రం ఇల్లు కట్టుకున్నాక వానాకాలంలో నీళ్లు గడపలోకి వస్తాయి, ఎప్పుడో ఒకనాడు నోటీసు కూడా వస్తుంది.

నీళ్ల లెక్క కూడా ఒకటి వేశాను. గ్రామాల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు ఇవ్వాలన్నది మిషన్ భగీరథ లక్ష్యం. 198 ఇళ్లకు ఇంటికి నలుగురు చొప్పున చూసినా రోజుకు 80 వేల లీటర్ల దాకా కావాలి. ఆ నీళ్లు ఎక్కడి నుంచి తెస్తారని అడిగితే రెండు బోర్లు వేశామన్నారు. వాడిన నీళ్లు ఎక్కడికి పోతాయని అడిగితే ఇంటికో సెప్టిక్ ట్యాంకు అని చెప్పారు. వెంచర్ చెరువుకు ఎగువన ఉంది. వాలు చెరువు వైపే. బతుకమ్మలు వదిలే చెరువు, ముదిరాజులు చేపలు పట్టే చెరువు, ఊళ్లో బోర్లన్నింటికీ ఊటనిచ్చే చెరువు అదే. మురుగునీటి శుద్ధి కేంద్రం పెడతారా అని మహిళా సంఘం అధ్యక్షురాలు రెండుసార్లు అడిగితే, రెండో దశలో చూస్తామన్న మాట రెండుసార్లూ వచ్చింది. మొదటి దశలో చేరేవాళ్ల మురుగు రెండో దశ వచ్చేదాకా ఆగుతుందా అని వెనక నుంచి ఎవరో అంటే అందరూ నవ్వారు, మేనేజరుతో సహా.

కాగితాల దగ్గరకు వస్తే, వ్యవసాయ భూమిని వ్యవసాయేతర భూమిగా మార్చిన పత్రం చూపించారు, అది సరిగ్గానే ఉంది. లేఅవుట్ అనుమతి ఇంకా రాలేదు, దరఖాస్తు పెట్టామన్నారు. పంచాయతీ తనంతట తాను లేఅవుట్ మంజూరు చేయడానికి వీల్లేదు. పట్టణ, గ్రామీణ ప్రణాళికా శాఖ (డీటీసీపీ) గానీ, పరిధిని బట్టి హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) గానీ ఆమోదించాలి. స్థిరాస్తి నియంత్రణ సంస్థ (రెరా) దగ్గర నమోదు కూడా కాలేదు. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో గానీ ఎనిమిదికి మించిన ఇళ్లతో గానీ వచ్చే ప్రాజెక్టును రెరాలో నమోదు చేయకుండా ప్రకటించడం, అమ్మడం, ముందస్తు సొమ్ము తీసుకోవడం 2016 చట్టం ఒప్పుకోదు. అయినా "ప్రీలాంచ్ ధర ఈ నెలాఖరు వరకే" అంటూ నా చేతిలో ఒక ఫారం పెట్టారు. నమోదైన ప్రాజెక్టులో కూడా అమ్మకపు ఒప్పందం రిజిస్టరు చేయకముందు ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదని, కొనుగోలుదారుల నుంచి వచ్చిన సొమ్ములో డెబ్బై శాతం ఆ ప్రాజెక్టు కోసమే విడిగా ఖాతాలో ఉంచాలని అదే చట్టం చెబుతుంది. ఈ సంగతి చెబితే కౌంటరులోని అమ్మాయి నొచ్చుకోకుండా, "సార్, అయితే మీరు రెరా వచ్చాకే రండి" అంది. మొత్తం సందర్శనలో నాకు బాగా నచ్చిన సమాధానం అది.

ఖాళీ స్థలం గురించి ఒక మాట. 14 ఎకరాల లేఅవుట్‌లో పది శాతం అంటే ఎకరం పదహారు గుంటలు పార్కుకు, సామూహిక అవసరాలకు వదిలి పంచాయతీకి రాసివ్వాలి. నక్షలో ఆ వాటా ఉంది గానీ, నైరుతి మూలన త్రికోణపు ముక్కగా ఉంది. అక్కడ బండ ఉంది, గడ్డి కూడా మొలవదు. అదే ఖాళీ స్థలాన్ని కాలువ పొడవునా రెండు పక్కలా పొడుగాటి పట్టీగా మారిస్తే, కాలువ బతుకుతుంది, నడవడానికి నీడ దొరుకుతుంది, ఊరివాళ్ల పశువులకు నీళ్లూ అందుతాయి. ఈ మాట సమావేశంలో చెప్పింది ఇంజనీరింగ్ చదువుతున్న ఊరి పిల్లే. మేనేజరు ఆమె గీసిన కాగితాన్ని ఫోటో తీసుకున్నాడు.

మార్కులు వేయమంటే, ఇంటికి ఐదుకు నాలుగు వేస్తాను, సిబ్బందికి మూడున్నర, లేఅవుట్‌కు ఒకటిన్నర. ఈ ఊళ్లో కొత్త ఇళ్లు రాకూడదని నేను అనను, నాకే ఒకటి కావాలి. నా అభ్యంతరమంతా ఆ కాలువ గురించి, దాన్ని కాగితం మీద చూడని పద్ధతి గురించి. కొనాలనుకునేవారు తొందరపడి ఫారం నింపకుండా, తహసీల్దారు కార్యాలయంలో గ్రామ నక్ష నకలు తీసుకొని, దాన్ని బ్రోచరు పక్కన పెట్టి చూసుకోండి; వీలైతే వాన పడిన మర్నాడు సైటుకు వెళ్లండి. 61 నుంచి 74 వరకు ఉన్న ప్లాట్లను నేనైతే ఉచితంగా ఇచ్చినా తీసుకోను.

కట్టుకాలువను కొలిచి హద్దురాళ్లు పాతాలని ఊరి తరఫున నీటిపారుదల శాఖకు, తహసీల్దారుకు అర్జీలు వెళ్లాయి. రెండు అర్జీల మీదా మొదటి వేలిముద్ర కాకాదే. కొలత పూర్తయ్యాక కంపెనీవాళ్లు కొత్త నక్ష అతికిస్తే మళ్లీ వెళ్లి చూసి, ఈ మార్కులను సవరిస్తాను.