చూవో లైన్ వెంట జాజ్, సోల్ రికార్డుల వేట

టోక్యోకు పాత వినైల్ రికార్డుల కోసం వెళ్లేవాళ్లు బసను రైలు దారి చూసి ఎంచుకోవాలి. నారింజ చార ఉన్న జేఆర్ చూవో లైన్ ఒచనోమిజు, యోత్సుయ, షింజుకు, కోయెంజి, కిచిజోజిలను ఒకే దారానికి గుచ్చినట్టు కలుపుతుంది. పాత రికార్డుల దుకాణాలు, జాజ్ వినడానికే పెట్టిన కాఫీ హోటళ్లు ఎన్నో ఈ దారి మీదే ఉన్నాయి. ఒచనోమిజు నుంచి షింజుకుకు రాపిడ్ రైల్లో సుమారు పది నిమిషాలు. అయితే శని, ఆదివారాల్లో, సెలవు రోజుల్లో రాపిడ్ కోయెంజిలో ఆగదు. ఆ రోజుల్లో పసుపు చార సోబు లోకల్ ఎక్కాలి. తెలియక రాపిడ్ ఎక్కితే నకానో తర్వాత ఓగికుబోలోనే దిగాల్సి వస్తుంది.

బసకు షింజుకు కన్నా ఒచనోమిజు, కాందా చుట్టుపక్కల బిజినెస్ హోటళ్లు మేలు. షింజుకులో అర్ధరాత్రి దాకా సందడి ఉంటుంది, నిజమే. కానీ అంత పెద్ద స్టేషన్‌లో సరైన ద్వారం వెతుక్కుంటూ పది కిలోల రికార్డులు మోయడం సాయంత్రానికి భుజాలు పడగొడుతుంది. ఒచనోమిజు వీధులు రాత్రి ప్రశాంతంగా ఉంటాయి. నడిచే దూరంలోనే జింబోచో పాత పుస్తకాల పేట కూడా ఉంది. గదులు మాత్రం ఇరుకు: పన్నెండు, పద్నాలుగు చదరపు మీటర్లుంటే గొప్ప. రికార్డులను మంచం కింద పడుకోబెట్టి పేర్చకండి, గోడకు ఆనించి నిటారుగా నిలబెట్టండి. కిటికీ ఎండకూ వేడి గాలి వచ్చే చోటుకూ దూరంగా ఉంచండి.

దుకాణాల్లో ముందుగా చూడాల్సింది డిస్క్ యూనియన్. దీని శాఖలు సంగీత రీతుల వారీగా విడివిడిగా ఉంటాయి. ఒచనోమిజులో పూర్తిగా జాజ్‌కే 'జాజ్ టోక్యో' అనే శాఖ ఉంది. ఇక్కడ చవక బేరాలు ఆశించవద్దు. పేరున్న రికార్డుకు లోకమంతా తెలిసిన ధరే పడుతుంది. డబ్బుకు దక్కే లాభం నమ్మకంలో ఉంది: ధర చీటీ మీద రికార్డు స్థితిని ఏ స్థాయిగా రాశారో సరుకు దానికి తగ్గట్టుంటుంది, చాలాసార్లు అంతకన్నా ఒక మెట్టు పైనే ఉంటుంది. కోయెంజి చిన్న దుకాణాల్లో వరుస అంత కుదురుగా ఉండదు. అక్కడికి జాబితా పట్టుకుని కాకుండా ఓపిక పట్టుకుని వెళ్లాలి. ఏ పేటలోనైనా దుకాణాలు పొద్దున పదకొండు, పన్నెండు లోపు తెరవవు.

చీటీ మీద జపాన్ భాషలో రాసే నాలుగు ముక్కలు తెలిస్తే సగం నష్టం తప్పుతుంది. 'కిజు' అంటే గీత. 'సోరి' అంటే రికార్డు వంగిందని. 'షిమి' కవరు మీద మరక, 'కకికోమి' పెన్నుతో రాసిన రాత. 'సోకోనుకే' అంటే కవరు అడుగు అంచు విడిపోయిందని. 'ఒబి' అంటే కవరుకు చుట్టే కాగితపు పట్టీ. అది ఉంటే ధర పెరుగుతుంది గాని శబ్దానికి దానితో పని లేదు. కేవలం వినడానికి కొనేవాళ్లు ఒబి లేని ప్రతి తీసుకుంటే డబ్బు మిగులుతుంది. 'మిహోన్‌బన్' నమూనా ప్రతి, సాధారణంగా తెల్ల లేబుల్‌తో ఉంటుంది.

వినిపించమని అడగాలంటే 'షిచో' అనే మాట చాలు. చాలా చోట్ల ఒప్పుకుంటారు, అయితే ఒక్కొక్కరికి కొన్ని రికార్డులే. అందుకే మొదటి పాట మీద సమయం పెట్టకుండా ప్రతి వైపూ చివరి పాటను, అందులోనూ ట్రంపెట్ గట్టిగా మోగే చోటును వినండి. లేబుల్ దగ్గరికి వచ్చేసరికి ఒక్కో చుట్టు పొడవు తగ్గి అదే శబ్దం తక్కువ పొడవు గాడిలో సర్దుకోవాల్సి వస్తుంది. అరిగిన సూది చేసిన గాయం ముందుగా అక్కడే బరబరగా వినిపిస్తుంది. తర్వాత రికార్డును దీపం కింద వాల్చి, మధ్య రంధ్రం చుట్టూ సన్నటి వెండి గీతలు చూడండి. అవి ఎక్కువగా ఉంటే చీటీ ఏం చెప్పినా రికార్డు చాలాసార్లు తిరిగినట్టే.

అమెరికా జాజ్ సంస్థ బ్లూ నోట్ రికార్డుల దగ్గరే అందరూ తడబడతారు. అసలు ప్రెస్సింగ్, అంటే మొదట అచ్చు వేసిన ప్రతి, కావాలంటే పాట ముగిశాక లేబుల్ దాకా ఉండే నున్నటి భాగం చూడాలి. అక్కడ ప్లాస్టిలైట్ కర్మాగారం చెవి ఆకారపు గుర్తు ఉంటే అది 1966 లోపుది. దాంతోపాటు 'ఆర్‌వీజీ' లేదా 'వాన్ గెల్డర్' ముద్ర చూడండి, అది మాస్టర్ కోసినవారి, అంటే అచ్చుకు మూలమైన పళ్లెం మీద గాడి చెక్కినవారి, గుర్తు. లేబుల్ మీద న్యూయార్క్ అని ఉన్నంత మాత్రాన నమ్మవద్దు. లిబర్టీ సంస్థ బ్లూ నోట్‌ను కొన్నాక మిగిలిన పాత లేబుళ్లనూ వాడింది, ఆ ప్రతులకు చెవి గుర్తు ఉండదు.

ఆ ధరలు అందనివాళ్లకు జపాన్ ప్రెస్సింగులే ఈ యాత్ర ఫలం. 1977 తర్వాత కింగ్ సంస్థ వేసిన 'జీఎక్స్‌కే' వరస, ఆ తర్వాత తోషిబా వేసిన 'బీఎన్‌జే' వరస గోతంలో గింజల్లా దొరుకుతాయి. వీటిలో చిటపటలు లేవు, ముద్రణ శుభ్రం. ఒక్క మాట మాత్రం దాచకూడదు: వీటిని ఎక్కువగా అమెరికా నుంచి వచ్చిన నకలు టేపుల నుంచి కోశారు. అసలు ప్రతిలో డ్రమ్ మీద కర్ర పడినప్పుడు గదిలో తగిలే దెబ్బ వీటిలో కాస్త మెత్తబడుతుంది. బాస్, పియానో నిదానంగా సాగే రికార్డుల్లో ఈ లోటు తెలియదు. హార్డ్ బాప్ అనే జోరైన జాజ్ రీతిలో తెలుస్తుంది.

అమెరికా నల్లజాతివారి సోల్ సంగీతపు ఎల్పీలకు టోక్యో మంచి చోటు. అమెరికాలో పార్టీల్లో నలిగిన ఆల్బమ్‌లకు ఇక్కడ శుభ్రమైన ప్రతులు ఉంటాయి. అమెరికన్ 45 సింగిళ్ల (వైపుకు ఒక పాట ఉండే చిన్న రికార్డుల) విషయంలో మాత్రం జాగ్రత్త. వాటిలో కొన్ని వినైల్ కావు, స్టైరీన్ అనే మరో ప్లాస్టిక్. తేలికగా, గట్టిగా ఉంటాయి, వాటి లేబుల్ సాధారణంగా అతికించిన కాగితం. అట్లాంటిక్ సంస్థ సింగిళ్లలో లేబుల్ మీది సంఖ్య పక్కన 'ఎంఓ' ఉంటే మోనార్క్ కర్మాగారంలో తయారైన స్టైరీన్ ప్రతి అయ్యే అవకాశం ఎక్కువ. డీజేలు పాట మొదలు దగ్గర రికార్డును వెనక్కీ ముందుకూ తిప్పితే స్టైరీన్ గాడి కాలిపోయినట్టవుతుంది, మొదటి కొన్ని సెకన్లు 'హుస్స్' మంటాయి. కడిగినా పోదు. కాబట్టి 45లను చివర కాదు, మొదట్లో వినాలి. సోల్ సంస్థ స్టాక్స్ లేబుల్ లేత నీలం రంగులో ఉంటే 1968లో అట్లాంటిక్‌తో విడిపోవడానికి ముందుది, చిటికె వేసే చేయి ఉన్న పసుపు లేబుల్ తర్వాతది. ఇంటికి వెళ్లాక 45లను వినాలంటే 38 మిల్లీమీటర్ల రంధ్రానికి అడాప్టర్ కావాలి.

కొనే ముందు ఒక మధ్యాహ్నం జాజ్ కిస్సాకు, అంటే జాజ్ వినడానికే పెట్టిన కాఫీ హోటల్‌కు, ఇవ్వండి. విదేశీ రికార్డు, మంచి స్పీకర్లు సామాన్యుడికి అందని రోజుల్లో ఒక కప్పు కాఫీ ధరకు రెండూ దొరికిన చోట్లివి. యోత్సుయలో 1967 నుంచి నడుస్తున్న 'ఈగల్' వినడం విషయంలో కఠినం: పగటి పూట కబుర్లకు చోటు లేదు. జాజ్‌ను శ్రద్ధగా వినేవాళ్లకు అంతకన్నా మంచి సేవ ఏముంది? షింజుకులో 'డగ్' మాత్రం మాట్లాడుకుంటూ కూర్చోవడానికి అనువు. ఎక్కడైనా వీలైతే రెండు స్పీకర్ల మధ్య గీత మీద, కాస్త వెనక వరుసలో కూర్చోండి. మోగుతున్న రికార్డు కవరు ఎదురుగా పెడతారు, అది చూసి రాసుకోవచ్చు. ఫోటోకు ముందు అడగాలి. కొన్ని చోట్ల నగదే తీసుకుంటారు.

పన్ను లెక్క చూడండి. ఒకే దుకాణంలో ఒకే రోజు పన్ను కాకుండా 5,000 యెన్లు లేదా అంతకు మించి కొంటే, ఆ సౌకర్యం ఉన్న చోట 10 శాతం వినియోగపు పన్ను మినహాయిస్తారు. అసలు పాస్‌పోర్టే చూపాలి, నకలు చెల్లదు. 2026 నవంబర్ 1 నుంచి పద్ధతి మారుతుంది: ముందు పన్నుతో సహా కట్టి, దేశం దాటేటప్పుడు కస్టమ్స్ నిర్ధారించాక తిరిగి పొందాలి. అందుకని రికార్డులను చెకిన్ సామానులో అడుగున పెట్టకండి.

అసలు చెకిన్‌లో పెట్టకపోవడమే మంచిది. కవరుతో కలిపి ఎల్పీ పావు కిలో నుంచి మూడు వందల గ్రాములు. ఏడు కిలోల చేతి సామాను పరిమితిలో పెట్టె బరువు పోగా పదిహేను పడతాయి. కవరు 31.5 సెంటీమీటర్లు కాబట్టి పెట్టె లోపలి వెడల్పును కొలిచి చూడండి, బయటి కొలత మోసం చేస్తుంది. ప్రతి రికార్డునూ కవరులోంచి తీసి, లోపలి సంచితో సహా కవరు వెనక పెట్టి, రెండింటికీ కలిపి ప్లాస్టిక్ తొడుగు వేయండి. కుదుపులకు రికార్డు అంచు తగిలి కవరు చీలడం దీంతో ఆగుతుంది. మిగిలినవి తపాలాలో ఈఎంఎస్‌గా పంపేటట్టయితే రెండు వైపులా గట్టి అట్టలు పెట్టి, అట్టల గీతలు ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా ఉండేలా చూడండి. పన్ను మినహాయింపుతో కొన్నవి మాత్రం మీతోపాటే దేశం దాటాలి, వాటిని ఆ పార్సిల్‌లో కలపకండి.